మిషను పాడిన తొట్టె పాట

మా ఇళ్లల్లో పిల్లకు పేరు పెట్టేది మేనత్త. తల్లీ తండ్రీ కాదు, తాత కాదు, పంతులు అసలే కాదు. తల్లిదండ్రులు ఒక పేరు అనుకుని మేనత్త చెవిన వేస్తారు, అంతే. తొట్టెల నాడు, అంటే పిల్లను తొట్టెలో వేసే నాడు, ఆమె తొట్టె తాడు పట్టుకుని పాట ఎత్తుకుని, చివరి చరణంలో ఆ పేరు కలిపి పాడేదాకా అది ఇంకెవరి నోటా రాకూడదు. ఆమె పాడగానే చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా ఆ పేరును అందుకుని పాడతారు. అప్పుడే పేరు పిల్లకు అంటుతుందని మా అమ్మ నమ్మకం. మా సొంతూరు చింతకిలో ఉన్నప్పుడు ఇలాగే చేశారు, పొలం కౌలుకిచ్చి బీదర్ వచ్చాక కూడా ఇదొక్కటి వదల్లేదు. మా తమ్ముడికి అక్కను నేనొక్కదాన్నే. కాబట్టి వాడి పిల్లలకు పాడాల్సింది నేనే.

నాకేమో గొంతు లేదు.

లేదంటే బొత్తిగా లేదని కాదు. మెడలో గడ్డకు ఆపరేషన్ అయ్యాక ఒక బొంగురు గుసగుస మిగిలింది. పాట సంగతి దేవుడెరుగు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలవాలన్నా లేచి వెళ్లాల్సిందే. అలా జరగవచ్చని డాక్టరు ముందే చెప్పాడు, నేనూ సరేనన్నాను. ఇక ఎవరినని తిట్టను? నాలాంటి నోరున్న మనిషికి తిట్టడానికి ఎవరూ దొరక్కపోవడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. నేను బడిలో సంగీతం టీచరును. ఇదివరకు ఒక్క అరుపు అరిస్తే వరండా అంతా గప్‌చుప్ అయ్యేది. ఇప్పుడు డస్టరు తీసుకుని బల్ల మీద కొడతాను, పిల్లలు దాన్నీ తాళం అనుకుని చప్పట్లు కొడతారు. గొంతు పోయాక ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఆయన ఒకసారి నోరు జారాడు. ఆ వారమంతా ఆయన టిఫిను డబ్బాలోకి ఉప్పు లేని కూరే వెళ్లింది.

తమ్ముడికి పెళ్లయిన చాలా ఏళ్లకు మొదటి పిల్ల పుట్టింది. ఆడపిల్ల. అప్పటికి నా గొంతు బాగానే ఉంది, పాడే పనే పడలేదు. తొట్టెల దాకా రాకుండానే ఆ పిల్ల పోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తల్లి పేరు చెప్పి "ఫలానా ఆమె పాప" అని పిలిచారు. పూడ్చి వచ్చాక అలా పిలిచేవాళ్లు కూడా లేరు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తాల్సి వచ్చినా ఏమని ఎత్తాలి? మరదలు మాత్రం అప్పుడప్పుడు "అది పుట్టినప్పుడు" అనేది, అని ఆగిపోయేది. ఆ "అది" అన్న మాట వినగానే నేను ఏదో పని ఉన్నట్టు లేచి పోయేదాన్ని.

మళ్లీ ఆడపిల్లే పుట్టింది. నేను చూడటానికి వెళితే మరదలు మంచం మీద ఒత్తిగిలి పడుకుని, పిల్ల మీద చెయ్యి వేసి, నన్ను దగ్గరకు రమ్మంది.

"వదినా, దీనికి పేరు పడాలె. పాట మీద, మంచిగ పడాలె. ఏదీ తక్కువ కావద్దు. ఒకదానికి పడకుంటనే పోయింది" అంది.

నేను తల ఊపాను. గొంతు లేని సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసే అడిగింది, నేను ఎలాగో ఒకలా చేస్తానని. అమ్మకు ఆ ధీమా లేదు. నేను గది బయటికి రాగానే మొదలుపెట్టింది.

"నువ్వు ఎట్ల పాడతవే? గొంతు లేకపాయె. కమలనగర్ నుంచి కోడలి చెల్లె వస్తది గద, ఆ పిల్లతోని పాడిపిద్దాం. నువ్వు ఊకె పక్కన కూసో."

ఊకె పక్కన కూసో! ఒళ్లు మండిపోయింది. మేనత్తను నేనుండగా తల్లి చెల్లెలు పేరు పెట్టడమేమిటి? అరవాలని నోరు తెరిచాను. గాలి వచ్చింది. అమ్మ నా వైపు జాలిగా చూసింది, ఆ చూపుకు ఇంకా మండింది.

ఇది మా బడిలో కంప్యూటర్ మేడంతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంటే, ఆవిడ కన్నడంలో ఒక మాట చెప్పింది. స్వరాలు రాసి, వాటి కింద మాటలు రాస్తే పాడే సాఫ్ట్‌వేర్ ఉందట. సినిమావాళ్లు వాడేది మనం కొనలేం కానీ, మామూలు మనుషులు కొనగలిగేది కూడా వచ్చిందట. నేను నమ్మలేదు. అన్నీ ఇలాగే అంటారు, తీరా చూస్తే రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ చదివినట్టుంటుంది అనుకున్నాను. ఆవిడే తన కంప్యూటర్‌లో వినిపించింది. ఎవరో ఒక అమ్మాయి పాడింది. నిజంగా పాడింది. నేను ఆ సాయంత్రమే కొన్నాను. దానికి పెట్టింది తొట్టెలకు తీసుకున్న చీర కంటే తక్కువే.

కీబోర్డు నేర్పించే పని కోసం ఐదు గీతల మీద స్వరాలు రాయడం ఎప్పుడో నేర్చుకున్నాను. కాబట్టి ఇది నాకు చిటికెలో పని అనుకున్నాను. కాదు. మా తొట్టె పాటను ఎవరూ ఎన్నడూ రాయలేదు. "కందిచేల మీది గాలీ, కదిలి రావే తల్లీ" అని మొదలవుతుంది, ఒక్కో చరణంలో ఒక్కొక్కరిని పిలుస్తుంది, చివర పిల్ల పేరు, ఆ తర్వాత చల్లగా ఉండమని ఒక దీవెన. పాట నాకు నోటికి వచ్చు. కానీ నోట్లో లేదే ఇప్పుడు. సరి చూసుకుందామని అమ్మను పాడమంటే ఆమె పాడిన ప్రతిసారీ ఒక్కో తీరుగా పాడింది.

"అమ్మా, ఇందాక కిందికి దిగినవ్, ఇప్పుడు మీదికి పోతున్నవ్. రెండిట్ల ఏది రాయాలె?"

"ఏదన్న రాయి. పాట అదే గద."

"రెండూ ఒకటి కాదమ్మా!"

"నాకు తెలువదే తల్లీ. యాడ ఊపిరుంటె ఆడికి పోత."

నేను నెత్తి కొట్టుకుని, రెండింట్లో తక్కువ కష్టమైనది రాశాను.

సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేదు. ఏవేవో దేశాల భాషలున్నాయి. వాటిలో మన అక్షరాలకు దగ్గరగా పలికేది ఏదో వెతుక్కుంటూ ఆదివారాలు గడిచిపోయాయి. చివరకు ఒకటి కుదిరింది. కొత్తగా కాపురానికి వచ్చిన పరాయి ఊరి కోడలు మన పాట నేర్చుకుని పాడినట్టు ఉంది, కానీ పాడింది. ముందు అంతా తీగ లాగినట్టు తిన్నగా పోయేది. ఎక్కడ స్వరం జారాలి, ఎక్కడ వణకాలి అన్నీ చేత్తో గీయాల్సి వచ్చింది. నా గొంతుకు ఇవన్నీ ఎవరూ గీయలేదు, చెప్పలేదు, వాటంతట అవే వచ్చేవి. గీస్తుంటే నా పాత గొంతును ముక్కలు ముక్కలుగా విప్పి చూసుకుంటున్నట్టు అనిపించేది, రెండు మూడుసార్లు ఏడ్చాను కూడా. ఊపిరి తీసుకునే చోట గుర్తు పెడితే అది ఊపిరి కూడా తీస్తుంది. ఆ గుర్తులు పెట్టాక గానీ పాటకు ప్రాణం రాలేదు.

అమ్మకు మొదటి చరణం వినిపించాను. చెవి ఒగ్గి విన్నది.

"ఎవల పిల్లనే? మంచిగ పాడుతాంది."

"పిల్ల లేదమ్మా. మిషను."

"లగ్గమైందా?"

"అమ్మా, మనిషి కాదు! నేను రాసింది, అది పాడుతాంది."

"మనిషి లేకుంట పాట యాడికెల్లొస్తదే? గా ఊపిరి ఎవలు తీస్తున్నరు మరి?" అని నా వైపు అనుమానంగా చూసింది. "సరే తీయ్. గని పాట నడుమ తెంపొద్దు. తొట్టె పాట తెంపితే మంచిది కాదు. ఒక్క తీరుగ అయిపోవాలె."

తెంపొద్దంటే తెంపలేదు. ఆ మాట పట్టుకునే మొదటి నుంచి చివరి దాకా ఒకే పాటగా కట్టాను. ఆడవాళ్లు అందుకోవడానికి ప్రతి చరణం తర్వాత కొంత జాగా వదిలాను. పేరుకు ముందు పిల్లను తొట్టె కింద నుంచి ఒక పక్క వాళ్లు అందిస్తే, పై నుంచి రెండో పక్క వాళ్లు తిరిగి ఇస్తారు కదా, ఆ సేపటికి కీబోర్డు మీద నేనే ఒక వాయింపు వాయించి కలిపాను. మా చుట్టాల తొట్టెల వీడియోలు చూసి ఎంత సేపు పడుతుందో కొలుచుకుని మరీ కలిపాను. ఆ తర్వాతే పేరు వస్తుంది. ఇంత పకడ్బందీగా మా ఇంట్లో ఇంతవరకు ఏ పనీ జరగలేదని నాకు గర్వంగా కూడా ఉండేది.

పేరు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. తమ్ముడూ మరదలూ నా చెవిలో చెప్పారు. చాలా అందమైన పేరు, ఇక్కడ రాయను. తొట్టెల దాకా ఎవరి నోటా రాకూడదన్న పేరును మిషను నోటికి ఎలా ఇవ్వను? మిషను నోరు లెక్కలోకి వస్తుందా, రాదా? అడగడానికి ఎవరూ లేరు. అమ్మనడిగితే వద్దంటుంది. చివరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు గడియ వేసి, ఆ పేరు రాశాను. ఆ పరాయి పిల్ల నా మేనకోడలిని మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. నాకు సంతోషం కలగలేదు. నేను పిలవాల్సిన పిలుపు అది. అసూయ అనే అంటారేమో దాన్ని. అయినా పలుకు సరిగ్గా రావడానికి మళ్లీ మళ్లీ పలికించాను. పూర్తయ్యాక మరదలి ఫోనుకు పంపి, ఎవరికీ వినిపించొద్దన్నాను. ఆమె విని ఫోన్ చేసింది. "మంచిగున్నది వదినా, బాగ మంచిగున్నది" అని ఇంకేం మాట్లాడలేక పెట్టేసింది.

తొట్టెల తమ్ముడింట్లోనే, కోట దిక్కు పాత గల్లీలో. ముందు గదిలో దూలానికి తొట్టె వేలాడదీశారు. అలవాటు ప్రకారం తొట్టె ఖాళీగా ఉండకూడదని కల్వంలో నూరే రాతి పొత్రానికి గుడ్డ చుట్టి అందులో పడుకోబెట్టారు. తొట్టెకు ఒక పక్క మా ఆడవాళ్లు, రెండో పక్క కమలనగర్ నుంచి వచ్చిన మరదలి తరఫు వాళ్లు. మగవాళ్లు బయట టెంటు కింద. స్పీకరు కిటికీలో పెట్టి, పక్కనే నా ఫోను పెట్టి, పాట మొదలుపెట్టి వచ్చి తొట్టె తాడు పట్టుకుని కూర్చున్నాను.

మొదటి చరణానికి అందరూ స్పీకరు వైపే చూశారు. రెండో చరణానికి మా పెద్దమ్మ కూతురు అందుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లు అందుకున్నారు. నేను వదిలిన జాగాలోనే సరిగ్గా పాడి ఆగారు. మరదలు గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని నన్నే చూస్తోంది. మొహం వెలిగిపోతోంది. అమ్మ కూడా గొణుగుతూ పాడుతోంది. నా చేతిలో తాడు, తాడు చివర తొట్టె. గొంతు లేకపోతేనేం, మేనత్తను నేనే అనుకున్నాను. ఆ కాసేపు ఎంత సంతోషపడ్డానో!

వాయింపు మొదలైంది. పిల్లను చేతులు మార్చాలి కాబట్టి తొట్టెలోంచి పొత్రం తీసి పక్కన పెట్టారు. మా వైపు వాళ్లు పిల్లను తొట్టె కింద నుంచి అందించారు. కమలనగర్ వాళ్లు మరాఠీలో దేవుడి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పై నుంచి తిరిగి ఇచ్చారు. వాళ్ల పద్ధతి అది, నాకు తెలియదు, అయినా ఇంకా సమయం ఉంది. రెండోసారి పిల్ల మరదలి నాయనమ్మ చేతికి వెళ్లింది. ముసలామె పిల్లను ఎదకు హత్తుకుంది. పిల్ల తల మీద మొహం ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. మొదటి పిల్లను ఆఖరిసారి ఎత్తుకున్నది ఆమేనని తర్వాత తెలిసింది. ఎవరు తొందరపెడతారు? అందరి కళ్లలోనూ నీళ్లే. నేనే పాడుతుంటే ఏం చేసేదాన్ని? ఆ ముసలామె ఏడుపు తీరేదాకా పాటను తిప్పుతూ ఉండేదాన్ని, పిల్ల తొట్టెలోకి వచ్చాక పేరెత్తుకునేదాన్ని. ఏ మేనత్తయినా అదే చేస్తుంది. దీనికి ఎవరూ శిక్షణ ఇవ్వరు, కళ్లు ఉంటే చాలు.

వాయింపు అయిపోవస్తోందని నాకొక్కదానికే తెలుసు. "ఆపున్రి" అన్నాను. నా గుసగుస నాకే వినపడలేదు. "పిల్లనియ్యి, పిల్లనియ్యి" అని చెయ్యి చాచాను. ముసలామె కళ్లు మూసుకుని ఉంది. పక్కనున్నామె నేను కూడా ఏడుస్తున్నాననుకుని నా భుజం నిమిరింది. కిటికీ దగ్గరికి పోయి ఫోను ఆపుదామని ఒక్క ఉదుటున లేచాను. చేతిలో తాడు ఉందన్న సంగతే మరిచిపోయాను.

తాడుతో పాటు తొట్టె ఊగింది. ఖాళీ తొట్టె అటూ ఇటూ ఊగుతుంటే, కిటికీలోంచి మిషను గొంతు పేరు పాడింది. ఎంతో ముద్దుగా, ఒక్క స్వరం తప్పకుండా. తర్వాత నేను వదిలిన జాగా వచ్చింది. ఎవరూ అందుకోలేదు. ఆ జాగా అంతా ఖాళీగా పోయింది. ఆ తర్వాత చల్లగా ఉండమని దీవెన పాడి పాట ఆగిపోయింది.

అమ్మ మొహం నల్లబడింది. "ఖాళీ తొట్టె ఊపినవా?" అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, "పేరు ఖాళీ తొట్టెకు వోయింది" అంది. ఎవరో నోరు కొట్టుకున్నారు. మరదలు లేచి వచ్చి నాయనమ్మ చేతుల్లోంచి పిల్లను లాక్కున్నట్టే తీసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. తమ్ముడు బయట నుంచి పరుగెత్తుకొచ్చాడు. సంగతి విన్నాడు. వాడు అంతవరకు నన్ను ఎప్పుడూ ఎదురు మాట అనలేదు.

"అక్కా, నీకు పెట్టిన పని ఒక్కటే గద. చాతగాకుంటె చాతగాదనాలె. గీ మిషన్ల లొల్లి మాకెందుకు?" అన్నాడు.

ఏం చెప్పను? చెప్పడానికి గొంతేదీ? ఆ పేరు ఇక పనికిరాదని అమ్మ తేల్చేసింది. కొత్త పేరు కోసం అక్కడికక్కడే గొడవ గొడవగా మాట్లాడుకున్నారు. ఎవరో పాతకాలం పెద్దావిడ పేరు ఖాయం చేశారు. పిల్లను తొట్టెలో వేశాక మరదలి చెల్లెలు పిల్ల చెవిలో ఆ పేరు చెప్పింది. పాట లేదు, అందుకోవడం లేదు. నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఉండమని కూడా అనలేదు. భోజనాల దగ్గర నా విస్తట్లో పెట్టిన బూరె అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండని వెతికాను. ఒక్క తప్పు లేదు. దాన్ని చెరిపేద్దామని కూడా చూశాను, చెయ్యి రాలేదు. ఆ తర్వాత తమ్ముడింటికి పోలేదు. అమ్మ ఫోన్ చేస్తే మా ఆయనే మాట్లాడాడు. పిల్లకు జలుబు చేసిందని విన్నప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి. ఉత్త జలుబే, తగ్గిపోయింది. కానీ ఆ రెండు మూడు రోజులు నేను మనిషిలా లేను. ఇలాంటివి నమ్మని మనిషిననుకునేదాన్ని. బడిలో పిల్లలకు కూడా అలాగే చెప్పేదాన్ని. ఇప్పుడు ఉయ్యాల బొమ్మ ఉన్న క్యాలెండరు చూసినా తల తిప్పుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం, బీదర్‌లోనే చిద్రి దిక్కున ఉన్న మా ఇంటి ముందు ఆటో ఆగింది. మరదలు దిగింది, భుజం మీద పిల్ల. ఎండకు చెంగు కప్పి తెచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే పడదామనే అనుకున్నాను, నిజానికి అది కాస్త నయంగా ఉండేది. ఆమె లోపలికి వచ్చి, నీళ్లు తాగి, పిల్లను నా ఒళ్లో పెట్టింది. పిల్ల కాస్త బరువెక్కింది. నన్ను చూసి చేతులు ఆడించింది.

"ఎవరికి చెప్పి వచ్చినవ్?" అన్నాను.

"ఈడికని ఎవలకు చెప్పలే. పిల్లకు టీకా ఉన్నదని వచ్చిన. నీ కంప్యూటర్ తెరువు వదినా."

"దాన్ని మల్ల ఎందుకు?"

ఆమె తన ఫోను తీసింది. నేను పంపిన పాట అందులో ఉంది. చెరిపేసి ఉంటుందనుకున్నాను.

"అత్తమ్మ పగటిపూట పండుకున్నంక వింటున్న" అంది. "దినాం వింటున్న. ఎవలకు ఎరుక లేదు."

కోపం వచ్చింది, నా మీదో ఆమె మీదో తెలియదు. "చెరిపెయ్యరాదె! ఎందుకు గది? అంత పాడు జేసినంక..." అని గొంతు పీలగా చీలిపోయేలా అన్నాను.

"పాడేం గాలే వదినా." ఆమె నా వైపు చూడకుండా పిల్ల కాలి గజ్జె సర్దుతూ మాట్లాడింది. "పేరు ఖాళీ తొట్టెకు వోయిందని అత్తమ్మ అన్నది గద. అందరూ అదే అంటున్నరు. నేను శాన సోంచాయించిన. ఖాళీ తొట్టె ఎవలిది? దానిదే గద. దానికొక్క పేరు గూడ లేకుండె. నువ్వు పాడిపిస్తివి, దానికి వోయింది. పోనియ్యి. మంచి పేరే వోయింది."

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. నా ఏడుపుకు కూడా శబ్దం ఉండదు. ఆమె ఏడవలేదు. ఏడుపంతా ఇంట్లో ఒంటరిగా అయిపోయినట్టుంది. నా వీపు తట్టి, "కంప్యూటర్ తెరువు. ఒక్కటి మార్చాలె" అంది.

"ఏం మార్చాలె?"

"పేరు పాడినంక నువ్వు జాగ ఇడిసినవ్ గద, ఆడోళ్లు అందుకునేందుకు. అది సాలుతలేదు. నేను అందుకుందామని చూస్త. నోట్లకు వస్తది, గొంతు కాడ ఆగుతది. నేను అనేవరకు అది ముందుకు వోతాంది. మల్ల ఎనుకకు తిప్పి పెడ్త, మల్ల గంతే. ఒక్కపారి గూడ అననియ్యలే. జర ఆగుమను వదినా దాన్ని."

లాప్‌టాప్ తెరిచాను. పేరు తర్వాత ఉన్న జాగాను రెండింతలు చేసి వినిపించాను. మిషను పేరు పాడి ఆగింది. మరదలు నోరు తెరిచింది, పెదవులు కదిలాయి, దీవెన మొదలైపోయింది. "ఇంకింత" అంది. ఇంకా పెంచాను. ఈసారి మొదటి అక్షరం బయటికి వచ్చింది. "ఇంకింత వదినా." నేను కొలవడం మానేసి, తెర చివరి దాకా ఖాళీ పెట్టి వదిలేశాను.

మిషను మళ్లీ పేరు పాడి ఆగింది. మరదలు కళ్లు మూసుకుంది. చాలా సేపటికి, పూర్తిగా, పాటగానే అందుకుంది. నేనూ అందుకున్నాను, నా గొంతు ఎంత వస్తే అంత. నా ఒళ్లో పిల్ల గజ్జెను నోట్లో పెట్టుకుంటూ మా వైపు తిరిగి కూడా చూడలేదు. పిలుస్తున్నది తనను కాదు కదా.